కాళ్ళు పైకెత్తే ఊరు

సైకిల్ పెడల్‌ను నేల కింద జమ కట్టాలా వద్దా అన్న తగాదా ఆ ఇంట్లో మంగళవారం మొదలైంది. శుక్రవారం సాయంత్రానికి అది వంటింటి గడప దాటి, మగ్గాల గది చుట్టి, వీధి తిన్నె మీదికొచ్చి కాలు మీద కాలేసుకుని కూర్చుంది.

కాలు ఆనిందంటే అది నేలేనని వళ్ళియమ్మ వాదన. ఆమెకు డెబ్బై దాటాయి. తిరుత్తణిలో ఆ నేతవాళ్ళ వీధిలో ఆమె మాటకు ఇంకా బరువుంది. ఆనిన చోటు గుండ్రంగా తిరిగిపోతూ ఉంటే అది ఆనడం ఎట్లా అవుతుందని మనవరాలు యశశ్విని ఎదురు వాదన. ఆ పిల్ల తిరువళ్ళూరులో కంపెనీ ఉద్యోగం చేస్తూ అక్కడే గది తీసుకుని ఉంటుంది కాబట్టి, వాదనంతా ఫోన్లోనే. తిన్నె మీద నీళ్ళచెంబుకు ఆనించి పెట్టిన ఫోన్‌తో వళ్ళియమ్మ ఎదురుగా మనిషి ఉన్నట్టే చెయ్యి తిప్పుతూ తగవాడుతుంది. కొడుకు జగన్నాథన్ పవర్‌లూమ్ ఆపినప్పుడల్లా బయటికొచ్చి, ఆటో మాట్లాడతాను, ఈ రచ్చ వదిలేయండి అంటాడు. పోవాల్సిన ఇంటి సందులో ఆటో పట్టదని తెలిసే అంటాడు. మనవడు నందకుమార్‌కు ఎవరు గెలిచినా ఒకటే, వాదన సాగితే చాలు. చీరల అంగడిలో పని ముగించుకుని వచ్చి, చెప్పులు విప్పకముందే పెడల్ సంగతి యాడిదాకా వచ్చిందని అడుగుతాడు.

వాదన ఎవరి కాళ్ళ గురించో ఆ దేవసేన మాత్రం నోరు విప్పలేదు. జగన్నాథన్ భార్య ఆమె. వంటింట్లో మునగాకు దూస్తూ, చాపిన తన రెండు కాళ్ళనూ ఎవరివో చూసినట్టు చూసుకుంది.

సంగతి ఇది. తిరుత్తణి నుంచి రైలెక్కితే అరక్కోణం దాటినాక కాసేపటికి వచ్చే ఊరు తిరువాలంగాడు. శివుడు కాళితో పోటీపడి కాలెత్తి ఆడిన చోటు. ఆయన పాదం పడిన మట్టి మీద తన పాదం మోపనని, వెనకటికి ఒక తల్లి తలకిందులై తలతో నడిచి ఆ ఊరు చేరిందని కథ. ఆ కథ అందరిదీ. వళ్ళియమ్మ మెట్టినింటివాళ్ళు మాత్రం దాన్ని ఇంటికి తెచ్చుకుని ఒక కట్టుబాటు చేసుకున్నారు. ఆ ఇంటి ఆడవాళ్ళు తిరువాలంగాడులో కాలు పెట్టరు. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. ఎడ్లబండ్ల కాలంలో ఊరు దాటేదాకా బండిలో బాసింపట్టు వేసుకుని కూర్చునేవాళ్ళట. రైలులో అయితే మోసూరు దాటగానే కాళ్ళు సీటు మీదికి ఎత్తుకుంటారు, మణవూరు వచ్చాక దించుతారు. రైల్లో ఉన్నది ఇనుప నేల కదా అంటే, కాలు ఆనింది కదా, నేలే.

యశశ్విని చిన్నప్పుడు, లోకంలో ఆడవాళ్ళందరూ ఆ స్టేషన్లో కాళ్ళు పైకెత్తుతారనే అనుకుంది. ఎదుటి సీటులో ఆవిడ ఎత్తకపోతే, ఆమెకు చెప్పమని ఏడ్చింది కూడా. మగవాళ్ళకు ఈ పట్టింపు లేదు. మా కాళ్ళు కాళ్ళు కావా అని నందకుమార్ ఒకసారి అడిగాడు.

"మీ కాళ్ళకు బుద్ధి లేదురా," అంది వళ్ళియమ్మ. "దేవుడు వాటిని లెక్క పెట్టడు."

దేవసేనకు ఈ కట్టుబాటు మొదట్లో నవ్వు తెప్పించేది. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత, తాళిబొట్టు మెడలో ఉన్నట్టే, ఉందన్న సంగతి కూడా గుర్తులేనంతగా తనదైపోయింది. చిక్కల్లా, ఆమె అక్క కలైవాణి ఇల్లు ఆ ఊళ్ళోనే ఉంది.

కలైవాణి మొగుడు చెరకు మిల్లులో పనికి కుదిరి, అక్కడే స్థలం కొని ఇల్లు కట్టుకున్నాడు. అప్పటికే దేవసేనకు పెళ్ళై చంకన పిల్లవాడున్నాడు. గృహప్రవేశానికి ఆమె తప్ప అందరూ పోయారు. బావ చనిపోయినప్పుడు తిరువళ్ళూరు ఆసుపత్రి నుంచి నేరుగా ఆయన సొంత ఊరు తామరైపాక్కం తీసుకుపోయారు గనక అక్కడికి పోగలిగింది. అంతకుమించి అక్కాచెల్లెళ్ళు కలిసేదంతా రైలు దగ్గరే. దేవసేన తిరువళ్ళూరు పోయే రోజు ముందే ఫోన్ చేస్తుంది. కలైవాణి ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంటుంది. రైలు ఆగిన ఆ కాస్తలో కిటికీ చువ్వల మధ్య నుంచి సన్నజాజి మొగ్గల పొట్లం లోపలికి వస్తుంది, మురుకుల డబ్బా బయటికి పోతుంది. సీటు మీద కాళ్ళు ముడుచుకుని కిటికీకి అతుక్కున్న చెల్లెలిని చూసి, గంప కింద కోడిపెట్టలాగా ఉండావని అక్క నవ్వుతుంది. ఆ నవ్వు సగంలో ఉండగానే రైలు కదులుతుంది.

పోయిన నెల కలైవాణి పెరట్లో జారి పడింది. తుంటికి ఆపరేషన్ చేశారు. ఇప్పుడు నాలుగు కాళ్ళ స్టాండు పట్టుకుని ఇంట్లో మాత్రం నడుస్తుంది. ఆమె కొడుకు విజయకుమార్‌కు మింజూరు దగ్గర సముద్రపు నీళ్ళను మంచినీళ్ళు చేసే ప్లాంటులో ఉద్యోగం. ఒంటిగా ఉంచలేనని, నెలాఖరుకు ఇంటికి తాళం వేసి అమ్మను తీసుకుపోతానని చెప్పాడు.

మంచిదే కదా అన్నాడు జగన్నాథన్. మింజూరు పోయి చూసి రావచ్చు, అక్కడ కాళ్ళు యాడైనా పెట్టుకోవచ్చు. ఆ మాటలో తప్పు లేదు. కానీ కలైవాణి ఫోన్లో వేరే మాట అంది.

"నన్ను చూడను రావద్దులేమే. నన్ను యాడున్నా చూడొచ్చు. మా ఇల్లు చూడను రా. నేను ఇంట్లో ఉండంగా, ఒక్కసారి."

ఆ మాట దేవసేనలో ముల్లులా దిగింది. ఇరవై ఏళ్ళకు పైగా అక్క ఎక్కడ కూర్చుని అన్నం తింటుందో, ఏ కిటికీలోంచి వాన చూస్తుందో తనకు తెలియదు. నెలాఖరు దాటితే ఇక తెలియదు.

అప్పుడే యశశ్వినికి ఈ సైకిల్ ఆలోచన వచ్చింది. ఆ పిల్ల జీతం డబ్బుతో గేర్ల సైకిల్ కొనుక్కుని, ఆదివారాలు స్నేహితురాళ్ళతో పల్లెదారుల్లో తిరుగుతుంది. తిరువళ్ళూరు నుంచి పూండి చెరువు, అక్కణ్ణించి తిరువాలంగాడు, అక్కణ్ణించి తిరుత్తణి కొండ. ఆ దారిలో ఎన్నోసార్లు పోయానని, ఊళ్ళో ఒక్కసారీ ఆగలేదని, టీ కూడా ఊరు దాటినాకే తాగానని అవ్వతో ఒట్టేసి చెప్పింది. సైకిల్‌కు నేల లేదు, రెండు పెడళ్ళే ఉన్నాయి, అవి తిరుగుతాయి. పెద్దమ్మ సందులోకి ఆటో రాదు గానీ సైకిల్ వస్తుంది. అమ్మకు సైకిల్ తొక్కడం వచ్చు. నా బైకు వెనక కూర్చోబెట్టుకుని పోతానని నందకుమార్ అన్నాడు గానీ, బైకుకు కాళ్ళు ఆన్చే కమ్మీ ఉందని, అది తిరగదని, కాబట్టి నేలేనని అవ్వ కొట్టేసింది.

శుక్రవారం దీపాలు పెట్టే వేళకు వళ్ళియమ్మ చెంబుకు ఆనించిన ఫోన్‌ను చేతిలోకి తీసుకుని తీర్పు చెప్పింది. పెడల్ తిరిగినంతసేపు అది నేల కాదు. తిరగడం ఆగితే నేలే.

తర్వాత లోపలికి వచ్చి కోడలి పక్కన నిలబడి, "కాలు కిందికొచ్చిందనుకో, నా దగ్గర దాచగూడదు. అంతే," అంది.

సరేనంది దేవసేన.

శనివారం మధ్యాహ్నం ఆమె రైలెక్కింది. మోసూరు దాటగానే కాళ్ళు వాటంతటవే సీటు మీదికి వచ్చాయి. తిరువాలంగాడులో రైలు ఆగింది. ప్లాట్‌ఫారం మీద వేపచెట్టు నీడలో అక్క నిలబడే చోటు ఖాళీగా ఉంది. ఎవరో ఆ చోట బుట్ట దించి మళ్ళీ ఎత్తుకున్నారు. రైలు కదిలింది. మణవూరు వచ్చింది, పోయింది. ఎదుటి మనిషి కాళ్ళు దించమ్మా, సంచి పెట్టుకోవాలి అన్నదాకా దేవసేన కాళ్ళు దించలేదు.

ఆదివారం ఇంకా వెలుతురు పూర్తిగా రాకముందే తల్లీకూతుళ్ళు తిరువళ్ళూరు నుంచి బయల్దేరారు. దేవసేనకు కూతురి స్నేహితురాలు ప్రియంక తన సైకిల్ ఇచ్చింది. చీర కుదరదని యశశ్విని పట్టుబట్టడంతో, చుడీదార్ వేసుకుని, మీద జగన్నాథన్ పాత చొక్కా తొడుక్కుంది, పెడల్ మీద జారుతున్నాయని చెప్పులు వదిలేసింది. మొదటి రెండు వీధులు హ్యాండిల్ తాగినవాడి నడకలా పోయింది. ఊరు దాటి, ఇళ్ళ గోడలు తగ్గి, వేరుసెనగ చేల మీద మంచు పొగలా కనబడ్డాక, కాళ్ళకు పాత జ్ఞాపకం వచ్చింది. అవి తొక్కుతున్నాయి, ఆమె వాటి మీద కూర్చుని పోతోంది.

మాఘమాసపు మంచు. తాటిచెట్లు నడుము దాకా లేవు, తలలు మాత్రం గాలిలో వేలాడుతున్నాయి. ఎక్కడో పంపుసెట్టు కొట్టుకుంటోంది. పాలక్యాన్లతో ఎదురొచ్చిన ఒకాయన వాళ్ళను చూసి, ఏదో అనబోయి, మంచులోకి పోయాడు. యశశ్విని ముందు పోతోంది, ఆమె సైకిల్ వెనక ఎర్రదీపం రెప్ప వేస్తూ తెరుస్తూ ఉంది. ఆ దీపం తప్ప లోకంలో ఇంకేమీ నిక్కచ్చిగా లేదు. దేవసేనకు తాను ముందుకు పోతున్నదో, రోడ్డే మగ్గం మీది పడుగులా తన కిందికి చుట్టుకుంటున్నదో తెలియలేదు.

పూండి వచ్చేసరికి సూర్యుడు చెరువు అవతల గట్టు మీద కూర్చున్నాడు. ఆనకట్ట నిండా నీళ్ళు. ఈ ఏడు వానలు బాగా పడ్డాయి, పైనుంచి కాలువలో కృష్ణా నీళ్ళు కూడా వచ్చాయి. గూడబాతులు తెల్లగా, బరువుగా, ఎవరో మరిచిపోయిన ఉతికిన బట్టల్లా నీళ్ళ మీద కదలకుండా ఉన్నాయి. వాళ్ళు గట్టు మీద సైకిళ్ళు ఆపి, దిగి నిలబడ్డారు. ఇక్కడ కాళ్ళకు అడ్డు లేదు.

దేవసేన పుట్టింది ఆ గట్టుకు దగ్గర్లో ఒక పల్లెలో. సైకిల్ నేర్చుకుంది ఈ గట్టు కింద రోడ్డు మీదనే. వెనక సీటు పట్టుకుని కలైవాణి పరిగెత్తేది. వదిలెయ్యొద్దు అక్కా అని ఈమె అరిచేది. వదల్లేదుమే అని జవాబు వచ్చేది, ఆ జవాబు ఒకరోజు చాలా దూరం నుంచి వచ్చింది. అప్పుడు తెలిసింది, తాను ఒంటిగా తొక్కుతున్నానని. అదే ఏడు బళ్ళో వాళ్ళను అక్కడి మ్యూజియానికి తీసుకుపోయారు. అద్దాల వెనక రాతి గొడ్డళ్ళు. ఎన్ని వేల ఏళ్ళ కిందటివో అని పంతులు చెబుతుంటే, కలైవాణి చెల్లెలి చెవిలో, చెయ్యి చిన్నదిమే, ఆడమనిషిదే ఇది, కూర తరిగింటాది అంది. ఇద్దరినీ బయట నిలబెట్టారు.

"అమా, యాడ చూస్తాండావు?" అంది యశశ్విని.

దేవసేన నీళ్ళ వైపు చూపించింది. మా నాయనమ్మ ఊరు ఆడ ఉండాది అంది. ఆనకట్ట కట్టినప్పుడు మునిగిన ఊళ్ళలో అదొకటి. నాయనమ్మ చెబుతుండేది: ద్వారబంధాలు పీక్కుని వచ్చాం, రోలు తెచ్చుకున్నాం, తులసికోట మట్టి కూడా మూటగట్టుకున్నాం, వీధిని మాత్రం తెచ్చుకోలేకపోయాం అని. ఎండాకాలం నీళ్ళు తగ్గినప్పుడు పోయి, ఇక్కడ మా వాకిలి, ఇక్కడ నీలావతి వాళ్ళ తిన్నె అని చేత్తో గాలిలో గీసేది. పిల్లలకు బురద తప్ప ఏమీ కనబడేది కాదు.

ఒక గూడబాతు లేచి, నీళ్ళను రెక్కలతో కొట్టుకుంటూ, ఆ కనబడని వీధి పొడుగునా ఎగిరిపోయింది. దేవసేన అది కనుమరుగయ్యేదాకా చూసి సైకిలెక్కింది.

తర్వాతి దారి ఆమెకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. కొసస్తలైయారు మీద వంతెన, కింద ఇసుకలో సన్నటి నీటి దారాలు. ఒక మామిడితోపులో పూత వాసన. ఎవరూ దీపం పెట్టని రాతి మండపం ఒకటి, స్తంభాలకు మేకలు వీపు రుద్దుకుంటున్నాయి. దాని మీద పాత తమిళ అక్షరాలు, అరిగిపోయి, చీమల బారులా. కనకమ్మసత్రం దగ్గర ఇడ్లీలు తిన్నారు. అక్కడ యశశ్విని తల్లి వైపు చూసి, నీళ్ళు తాగేసెయ్ అమా, ఇంక దిగేది లేదు అంది.

ఊరు కనబడక ముందే బెల్లప్పాకం లాంటి మిల్లు వాసన వచ్చింది. తర్వాత దూరాన గోపురం. దేవసేన పెడళ్ళ మీద కాళ్ళను బిగించింది. ఇక్కడి చెట్లు, ఇక్కడి అంగళ్ళు, గోడ మీద ఆరేసిన దుప్పటి, అన్నీ మామూలుగానే ఉన్నాయి. ఇన్నేళ్ళుగా కిటికీ చువ్వల వెనక నిమిషంపాటు కనబడి పోయే ఊరికి వీధులున్నాయి, మలుపులున్నాయి, మలుపు తిరిగితే ఇంకో వీధి ఉంది.

మలుపులో చెరకు ట్రాక్టర్ అడ్డం నిలిచి ఉంది. డ్రైవర్ దిగి ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. పక్కన సైకిల్ పట్టేంత సందు కూడా లేదు. యశశ్విని గంట కొట్టింది, తమిళంలో అన్నా అన్నా అని బతిమాలింది. ఆయన రెండు నిమిషాలని చెయ్యి చూపించాడు. ఆగడానికి లేదు. తల్లీకూతుళ్ళు అక్కడే గుండ్రంగా తిరగడం మొదలుపెట్టారు, ఒకరి వెనక ఒకరు, గానుగ తిరిగినట్టు. అంగడి బల్ల మీద కూర్చున్న ముసలాయన చుట్లు లెక్కపెడుతున్నట్టు తల తిప్పసాగాడు. దేవసేనకు నవ్వొచ్చింది. నవ్వితే హ్యాండిల్ వణికింది. వణికితే భయం వేసింది. ట్రాక్టర్ కదిలేసరికి ఆమెకు కళ్ళు తిరుగుతున్నాయి, కాళ్ళు మాత్రం పైనే ఉన్నాయి.

కలైవాణి ఉండే సందు నిజంగానే రెండు చేతులు చాస్తే రెండు గోడలూ అందేంత. చివరి ఇల్లు. పసుపు సున్నం, ఎత్తు తిన్నె, తిన్నెకు ఒక కర్రస్తంభం. స్తంభం పక్కన స్టాండు ముందు పెట్టుకుని కలైవాణి కూర్చుని ఉంది. చెల్లెలు సైకిల్ మీద రావడం చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

దేవసేన తిన్నె పక్కకు వచ్చి స్తంభాన్ని కౌగలించుకున్నట్టు పట్టుకుంది. సైకిల్ ఆగింది. పెడల్ ఆగకూడదు. అందుకని వెనక్కి తొక్కసాగింది. చక్రం కదలకుండా, గొలుసు మాత్రం టిక్ టిక్ టిక్ టిక్ అని తిరిగింది. యశశ్వినికి పట్టుకోవడానికి స్తంభం లేదు. ఆ పిల్ల సందు ఈ చివర నుంచి ఆ చివరకు, వీధిలో మలుపు తిరిగి మళ్ళీ ఈ చివరకు, వస్తూ పోతూ ఉంది. వచ్చినప్పుడల్లా పెద్దమ్మా బాగుండావా అని ఒక ముక్క, పోతూ ఇంకో ముక్క.

కలైవాణి కళ్ళు తుడుచుకుని, చెల్లెలి చొక్కా చూసింది, పాదాలు వెనక్కి తిరగడం చూసింది.

"ఏమ్మే, రాట్నం ఒడికేదానికా వచ్చినావు?" అంది.

నిజంగానే ఆ శబ్దం రాట్నం శబ్దంలా ఉంది. చిన్నప్పుడు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని కండెలు చుట్టేవాళ్ళు, నోళ్ళు ఒక కథ, చేతులు ఒక కథ. ఇప్పుడు కాళ్ళు తిరుగుతున్నాయి, మాటలు వాటంతటవే వచ్చాయి. తుంటి నొప్పి గురించి, విజయకుమార్ ఫ్లాటు గురించి. మూడో అంతస్తట, కిటికీ తెరిస్తే ఇంకో కిటికీ అట. వాడు మంచోడే, పాపం, ఏం చేస్తాడు అంది కలైవాణి. తర్వాత, చూడు అని తలుపు వైపు చెయ్యి చాచి, తిన్నె మీది నుంచే ఇల్లు చూపించింది. ఇది నడవ. ఆ వెనక కుడిపక్క వంటిల్లు, నీకు కనబడదు, అక్కడ గూట్లో దేవుడు. పొద్దున పొయ్యి ముట్టించేటప్పుడు వెలుతురు నేరుగా గూట్లో పడతాది. ఎడమపక్క మీ బావ మంచం. వెనక పెరడు, సన్నజాజి. నీకిచ్చే పూలు ఆ పందిరివే.

దేవసేన తల వంచి, మెడ చాచి, తలుపులోంచి చూసింది. చీకటి నడవ, దాని చివర పెరటి వెలుతురు ఒక ముక్క. నాయనమ్మ గాలిలో వేలితో గీసిన వీధి గుర్తొచ్చింది. అప్పుడు తనకు బురద తప్ప ఏమీ కనబడలేదు.

కలైవాణి హఠాత్తుగా లేచింది. ఇంటికొచ్చిన చెల్లెలికి కాళ్ళకు నీళ్ళు ఇవ్వకుండా కబుర్లు చెబుతున్నానని తన్ను తానే తిట్టుకుంది. వద్దక్కా, కూర్చో అని దేవసేన అంటూనే ఉంది. స్టాండు టక్కుమని ముందుకు పోయింది, కాలు ఈడ్చుకుంటూ వెనక. కాసేపటికి స్టాండు పిడికి తగిలించిన చెంబుతో తిరిగొచ్చింది. సగం నీళ్ళు నడవలోనే ఒలికాయి. తిన్నె అంచున నిలబడి, వంగలేక, పైనుంచే చెల్లెలి పాదాల మీద పోసింది. పెడళ్ళ మీద తిరుగుతున్న పాదాల మీది నుంచి నీళ్ళు జారి కింద మట్టిలో పడ్డాయి. ఎర్రమట్టి నల్లబడింది.

"ఉండు, కాఫీ తెస్తాను," అని కలైవాణి మళ్ళీ లోపలికి పోయింది.

టక్. ఈడ్పు. టక్. ఈడ్పు. ఆ చప్పుడు నడవ దాటింది, కుడికి తిరిగింది. తర్వాత ఆగింది. గోడకు ఆనుకుని అక్క ఊపిరి తీసుకోవడం బయటికి వినబడింది. గిన్నె ఏదో జరిగిన శబ్దం. మళ్ళీ ఊపిరి.

దేవసేన రెండు కాళ్ళూ బాగున్న మనిషి. ఆ రెండు కాళ్ళతోనే తెల్లవారుజాము నుంచి ఇన్ని ఊళ్ళు దాటి వచ్చింది. ఇప్పుడు ఆ కాళ్ళను గాలిలో వెనక్కి తిప్పుతూ, తుంటి విరిగిన అక్క చేత కాఫీ పెట్టించుకుంటోంది. టిక్ టిక్ టిక్ టిక్. సందు చివర యశశ్విని మలుపు తిరిగి మళ్ళీ ఇటు వస్తోంది.

దేవసేన తొక్కడం ఆపింది. సందులో ఉన్నట్టుండి చాలా నిశ్శబ్దం అయింది. తొందరేమీ పడకుండా, ముందు కుడికాలు, తర్వాత ఎడమకాలు, ఆ తడిసిన చోటే కిందికి దించింది. మట్టి వేళ్ళ సందుల్లోకి చల్లగా వచ్చింది. ఏమీ జరగలేదు. పక్కింటి గోడ మీద కాకి కూడా ఎగరలేదు.

సైకిల్‌ను స్తంభానికి ఆనించి, ఆమె తిన్నె ఎక్కి లోపలికి పోయింది.

వంటింట్లో పొయ్యి ముందు అక్క చేతిలోంచి గిన్నె తీసుకుంది. కలైవాణి ఆమె కాళ్ళ వంక, కాళ్ళ నుంచి గడప దాకా వరసగా పడిన తడిమట్టి అడుగుల వంక చూసింది. గోడకు తగిలించిన పీట ఒకటి దించమంది. పనస చెక్కతో చేసిన చిన్నపీట. గృహప్రవేశం నాడు తోబుట్టువులందరికీ తలా ఒకటి చేయించాడు మీ బావ అంది. ఎవరి పీట వాళ్ళు కూర్చుని అరగదీసినారు. నీది మాత్రం కొత్తగా ఉండాది. దేవసేన దాని మీద కూర్చుని కాఫీ తాగింది. పొయ్యి వెలుతురు గూట్లో దేవుడి మీద పడుతూనే ఉంది.

యశశ్విని గుమ్మం ముందు ఆగి, సైకిల్ దిగకుండా, తిన్నె మీద ఒక మోచేయి ఆన్చుకుని లోపలికి చూసింది. తల్లి బయటికి వచ్చాక, గొంతు తగ్గించి, నేనేమీ చూడలేదమా అంది.

"చూసినావు," అంది దేవసేన. "సైకిల్ దిగు. వచ్చి మీ పెద్దమ్మ నడుముకు పోసుకోను నీళ్ళు కాగబెట్టు."

ఆ పిల్ల దిగింది.

ఎండ చల్లబడ్డాక బయల్దేరారు. అంతకు ముందే దేవసేన పెరట్లో నిలబడి విజయకుమార్‌తో ఫోన్లో మాట్లాడింది. ఏం మాట్లాడిందో యశశ్విని అడగలేదు. తిరుత్తణి దారిలో కొండ మెల్లగా దగ్గరికి వచ్చింది, దూరంగా నీలంగా, తర్వాత ఆకుపచ్చగా, చివరికి మెట్ల మీద దీపాలతో. తల్లి ముందు తొక్కుతోంది, కూతురు వెనక.

ఇంటి ముందు వళ్ళియమ్మ తిన్నె మీదనే ఉంది. కోడలు సైకిల్ దిగడం, ఆమె మడమల చుట్టూ ఎండిపోయిన ఎర్రమట్టి, రెండూ చూసింది. కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళచెంబు ఆమె వైపు జరిపింది.

రాత్రి అన్నాల దగ్గర అందరూ కూర్చున్నారు. పెడల్ గెలిచిందా అవ్వ గెలిచిందా అని నందకుమార్ మొదలుపెట్టాడు. ఎవరూ నవ్వకపోవడంతో అన్నం కలుపుకున్నాడు. దేవసేన వడ్డన ముగించి, అత్త ఎదురుగా కూర్చుంది.

"పెడల్ తప్పేమీ లేదత్తా. నేనే దిగినాను."

జగన్నాథన్ ముద్ద చేతిలోనే పట్టుకుని తల్లి వైపు చూశాడు. వళ్ళియమ్మ కంచంలోంచి చెయ్యి తీసింది. తాను ఎన్నడూ కాలు మోపని ఊరి గురించి అడుగుతున్నట్టు, ఎక్కడో దూరం నుంచి అడిగింది.

"మన్ను ఎట్లుండె?"

"చల్లగా ఉండె."

ముసలామె తలాడించింది. తిట్టలేదు, సరే అనీ అనలేదు. కంచం కాస్త ముందుకు జరిపింది. దేవసేన మజ్జిగ గిన్నె తీసుకుని, మెల్లగా పోస్తూ, అందరికీ వినబడేలా, ఎవరి వైపూ చూడకుండా చెప్పింది.

"రేపు పొద్దున రైలుకు మళ్ళీ పోతాండా. అక్క స్టాండు వదిలేసి నడిచేదాకా ఆడనే ఉంటాను. ఇంటికి తాళం వెయ్యొద్దని విజయకుమార్‌కు చెప్పేసినాను. స్టేషన్లో దిగి నడిచే పోతాను."